10 జీబీ 50 జీబీ కావడానికి పదిహేనేళ్లు: డేటాబేస్ రిలీజుల కోసం ఇంకెన్నాళ్లు ఎదురుచూడాలి?

కొత్తపేట_కోడర్ | 2025 డిసెంబర్, శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. గుంటూరులో మందుల హోల్‌సేల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాను. పన్నెండేళ్లుగా ఇదే పని. డేటా అంతా మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో, దాని ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో ఉంటుంది, అది ఉచితం కాబట్టి. స్టాండర్డ్ ఎడిషన్ కొనే స్తోమత మా షాపుల్లో చాలామందికి లేదు.

నవంబర్ 18న 2025 వెర్షన్ వచ్చింది. ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో డేటాబేస్ సైజు పరిమితి 10 జీబీ నుంచి 50 జీబీ చేశారు. చదవగానే సంతోషం వేసింది. ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. ఈ 10 జీబీ అనేది 2010లో, 2008 ఆర్2తో వచ్చింది. దానికి ముందు 4 జీబీ ఉండేది. ఆ తర్వాత 2012, 2014, 2016, 2017, 2019, 2022 అని ఆరు వెర్షన్లు వచ్చాయి. ఆ ఒక్క అంకె మాత్రం కదల్లేదు. కృష్ణా పుష్కరాలు కూడా పన్నెండేళ్లకు వచ్చేస్తాయి కదా!

రెండేళ్ల కిందటి మార్చి నెల సంగతి చెప్తాను. సాయంత్రం ఏడున్నర. ఒక షాపు నుంచి ఫోన్: "బిల్లు సేవ్ అవ్వట్లేదు." పరుగెత్తాను. కౌంటర్ ముందు ఆరుగురు డెలివరీ కుర్రాళ్లు అట్టపెట్టెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. స్క్రీన్ మీద ప్రైమరీ ఫైల్‌గ్రూప్ నిండిందని మెసేజ్. ఫైల్ సైజు చూస్తే సరిగ్గా 10,240 ఎంబీ. పాత లాగ్ టేబుల్ ఒకటి ఖాళీ చేసి 300 ఎంబీ మిగిల్చాను, బిల్లులు కదిలాయి. ఆ పరిమితి కాగితం మీద ఉన్నదే, ముందే చూసుకోవాల్సిన బాధ్యత నాది. కానీ ఆ రోజు నుంచి ప్రతి షాపు ఫైల్ సైజు వారం వారం చూసుకోవడమే ఒక ఉద్యోగం అయిపోయింది.

నా బాధ ఏంటంటే, మొన్న సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ మందులు చాలావాటికి 12 శాతం తీసేసి 5 శాతం చేసింది. సెప్టెంబర్ 22 నుంచి అమలు. మధ్యలో 19 రోజులు. ఆ 19 రోజుల్లో మాలాంటి ఒంటరి వాళ్లం కూడా రేట్లు, పాత స్టాకు, రిటర్న్ బిల్లులు అన్నీ సర్ది షాపులకు ఇచ్చాం. మాకు పై నుంచి వచ్చే గడువులు రోజుల్లో ఉంటాయి. మా కాళ్ల కింద ఉన్న డేటాబేస్ మాత్రం రెండు మూడేళ్లకోసారి కదులుతుంది. మీ అందరి అనుభవం ఏంటి?

పాత_డీబీఏ | శనివారం, రాత్రి 11:25

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ రెండో వైపు కూడా చెప్తాను, ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి.

డేటాబేస్ నెమ్మదిగా కదలాలి. అది ఫోన్లో యాప్ కాదు. 2020 సెప్టెంబర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019కి వచ్చిన సీయూ7ని (ఏడో క్యుములేటివ్ అప్‌డేట్, అంటే సవరణలన్నీ కలిపి ఇచ్చేది) స్నాప్‌షాట్ సమస్య వల్ల వెనక్కి తీసుకున్నారు. 2015లో 2014 వెర్షన్ ఎస్‌పీ1ని (మొదటి సర్వీస్ ప్యాక్) కూడా అలాగే వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. అప్పుడు మా అందరికీ ఒకటే సూత్రం: ఎస్‌పీ1 వచ్చి మూడు నెలలు గడిస్తే గానీ ప్రొడక్షన్ (నిజంగా పని నడిచే సర్వర్) జోలికి పోకూడదు. 2017 నుంచి సర్వీస్ ప్యాకులే తీసేశారు, క్యుములేటివ్ అప్‌డేట్లు మాత్రమే వస్తున్నాయి. ఇప్పుడు ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు వేయాలో చెప్పే గుర్తు ఏదీ మిగల్లేదు.

నేను చూసుకునే ఒక ఫైనాన్స్ కంపెనీలో ఒకసారి నెలాఖరు ముందు రోజు ప్యాచ్ వేశాం. ఏ డేటాబేసో, ఏ కంపెనీయో చెప్పను. వడ్డీ లెక్క కట్టే రాత్రి జాబు అంతకుముందు నలభై నిమిషాల్లో అయ్యేది. ఆ రాత్రి తెల్లారినా అవ్వలేదు. క్వెరీ ప్లాన్, అంటే డేటాని వెతికే దారి, మారిపోయింది. ఉదయం ఎనిమిదికి బ్రాంచీలు తెరిచారు, కస్టమర్లు వచ్చి కూర్చున్నారు, బాకీ ఎంతో చెప్పే దిక్కు లేదు. ఆ ఉదయం తర్వాత "త్వరగా రిలీజ్ కావాలి" అని నేను ఎప్పుడూ అనలేదు.

సంక్రాంతి_ఎలిఫెంట్ | ఆదివారం, ఉదయం 7:10

గుడ్ మార్నింగ్. పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్ వైపు నుంచి ఒక మాట.

పెద్దాయన చెప్పిన భయం నిజమే. కానీ నెమ్మదిగా రావడం వేరు, ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం వేరు. పోస్ట్‌గ్రెస్ ఏటా ఒక పెద్ద వెర్షన్, సెప్టెంబర్ అక్టోబర్ ప్రాంతంలో. ఈ ఏడు 18 వచ్చింది, సెప్టెంబర్ 25న. చిన్న అప్‌డేట్లు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్. ఒక్కో వెర్షన్‌కి ఐదేళ్ల సపోర్ట్. ఈ తేదీలు తెలుసు కాబట్టి మా టీమ్‌లో ఏడాది మొదట్లోనే క్యాలెండర్‌లో గీసేసుకుంటాం. సంక్రాంతి ఎప్పుడో తెలుసు కాబట్టే కదా అరిసెలకి బియ్యం ముందు రోజే నానబోస్తాం.

తొందరపడి ఏదిబడితే అది ఇచ్చేయడం కూడా కాదు. మెర్జ్ కమాండ్ (ఉన్న వరుసని మార్చి, లేనిది చేర్చేది) 2018లో 11వ వెర్షన్ కోసం కోడ్‌లోకి వెళ్లింది. సరిగ్గా లేదని తీసేశారు. చివరికి 2022లో 15తో వచ్చింది. నాలుగేళ్లు ఆగాం, కానీ ఎందుకు ఆగుతున్నామో బహిరంగంగా చదువుకున్నాం. ఆ చర్చ అంతా మెయిలింగ్ లిస్టులో అందరికీ కనబడుతూనే ఉంది.

డల్లాస్_నైట్‌షిఫ్ట్ | ఆదివారం, ఉదయం 8:02

తేదీ తెలియకపోవడం అంటే ఏంటో ఒరాకిల్ వాళ్లని అడగండి.

మా దగ్గర ఒరాకిల్ డేటాబేస్ 19సీ వెర్షన్. అది 2019లో వచ్చింది. తర్వాత 21సీ వచ్చింది, కానీ అది ఇన్నోవేషన్ రిలీజ్, దీర్ఘకాల సపోర్ట్ ఉండదు కాబట్టి బ్యాంకులు ముట్టుకోలేదు. అసలు ఎదురుచూసింది 23సీ కోసం. 2023 ఏప్రిల్‌లో డెవలపర్లకి ఉచిత వెర్షన్ ఇచ్చారు. నేర్చుకున్నాం, మా మేనేజర్‌కి డెమో కూడా ఇచ్చాను. 2024 మేలో పేరు 23ఏఐ అయింది, క్లౌడ్‌కి, ఎక్సాడేటా లాంటి వాళ్ల సొంత మెషీన్లకి వచ్చింది. మామూలు లైనక్స్ సర్వర్ పెట్టుకున్న వాళ్లకి రాలేదు. ఈ అక్టోబర్‌లో పేరు 26ఏఐ అయింది. డిసెంబర్ వచ్చింది, మా సర్వర్ ఇంకా 19సీ మీదే ఉంది.

ఇందులో నాకు కావలసింది ఏఐ కాదు. బూలియన్ కాలమ్. అవును, కాదు. ఒరాకిల్ టేబుల్లో ఆ మాట నేరుగా పెట్టుకునే వీలు 23తోనే వచ్చింది. అందాకా ఒక అక్షరం కాలమ్ పెట్టి, వై అంటే అవును, ఎన్ అంటే కాదు అని మనమే రాసుకోవాలి. మా సిస్టమ్‌లో ఒక టేబుల్లో వై, ఎన్. ఇంకో టేబుల్లో 1, 0. 2004లో ఎవరో రాసిన టేబుల్లో టీ, ఎఫ్. కొత్తగా చేరిన అమ్మాయి మొదటి వారంలో ఈ మూడూ కలిపి ఒక రిపోర్ట్ రాసింది, సగం కస్టమర్లు మాయమయ్యారు. తప్పు ఆ అమ్మాయిది కాదు.

19సీకి ప్రీమియర్ సపోర్ట్ 2029 డిసెంబర్ దాకా పొడిగించారు. మంచిదే, నిద్ర పడుతుంది. కానీ దాని అర్థం మా మేనేజ్‌మెంట్ 2029 దాకా కదలదని.

కొత్తపేట_కోడర్ | ఆదివారం, ఉదయం 9:15

డల్లాస్ అన్నా, క్లౌడ్‌కి ముందు ఇవ్వడం ఇక్కడా అంతే. రెండు విలువల్లో పెద్దది తీసే గ్రేటెస్ట్ ఫంక్షన్ 2021లోనే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లో వచ్చింది. సొంత సర్వర్ వాళ్లకి 2022 వెర్షన్ దాకా లేదు. మా షాపుల్లో ఇంటర్నెట్ వర్షం పడితే పోతుంది. క్లౌడ్‌కి మారమంటే ఎక్కడికి మారతాం?

సంక్రాంతి గారూ, పోస్ట్‌గ్రెస్ నాకూ ఇష్టమే. ఇంట్లో వాడతాను. కానీ నా దగ్గర నాలుగు వందల స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్ లోపలే ఉండే ప్రోగ్రాములు) ఉన్నాయి. ఒక్కొక్కటీ తిరగరాసి, ప్రతి షాపులో రిపోర్టులు సరిపోల్చాలి. ఒక్కడిని. పైగా ఏడాదికి ఒకసారైనా ఏదో ఒక పన్ను మార్పు వస్తూనే ఉంటుంది.

అమీర్‌పేట్_2009 | ఆదివారం, ఉదయం 10:48

కామాలతో ఉన్న పదాలని విడగొట్టే స్ట్రింగ్ స్ప్లిట్ గుర్తుందా? ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 దాకా లేదు. నేను పనిచేసిన ప్రతి కంపెనీలో ఒక సొంత స్ప్లిట్ ఫంక్షన్ ఉండేది. ఒక చోట నాలుగు ఉన్నాయి, నాలుగూ నలుగురు రాసినవి. 2016లో వచ్చాక చూస్తే, ఏ ముక్క ఎన్నోదో చెప్పదు! వరుస నంబర్ ఇచ్చే వీలు 2022లో వచ్చింది. ఆరేళ్లు. ఆ ఆరేళ్లూ మా సొంత ఫంక్షన్ తీసేయలేకపోయాం.

పెద్ద పెద్ద ఫీచర్లకి స్టేజీ మీద చప్పట్లు కొడతారు. మన రోజువారీ పనిలో ముల్లులా గుచ్చుకునేవి మాత్రం ఇలాంటి చిన్నవే.

మైఎస్‌క్యూఎల్_మంగళగిరి | ఆదివారం, మధ్యాహ్నం 12:30

చిన్నవి అన్నారు కాబట్టి. మైఎస్‌క్యూఎల్‌లో చెక్ కన్‌స్ట్రెయింట్ రాస్తే, ఏళ్ల తరబడి అది తీసుకునేది, ఎర్రర్ ఇచ్చేది కాదు, కానీ అమలు చేసేది కాదు. "పరిమాణం సున్నా కంటే ఎక్కువ ఉండాలి" అని రాస్తారు, మైనస్ ఐదు హాయిగా వెళ్లిపోతుంది. అది నిజంగా పనిచేయడం 2019 ఏప్రిల్‌లో, 8.0.16తో మొదలైంది. అంతకు ముందు కాలేజీలో నేర్చుకుని వచ్చిన పిల్లలు ఎందరు ఆ కాపలా ఉందనుకుని నిశ్చింతగా కూర్చున్నారో.

పెద్దాయనకి కూడా ఒక సాక్ష్యం ఇస్తాను. 8.0లో కొత్త ఫీచర్లని చిన్న అప్‌డేట్లలోనే కలిపేవారు. 2022లో 8.0.29లో కాలమ్ వెంటనే చేర్చే ఫీచర్ వల్ల డేటా పాడయ్యే ప్రమాదం బయటపడి, దాన్ని డౌన్‌లోడ్ నుంచే తీసేశారు. 2023 జూలైలో 8.1 నుంచి రెండు దారులు చేశారు: కొత్తవి కావాలంటే ఇన్నోవేషన్, స్థిరంగా కావాలంటే ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్). 2024లో 8.4 ఎల్‌టీఎస్ వచ్చింది. నా మట్టుకు ఇది సరైన పద్ధతి. రెండు రకాల అవసరాలు ఉన్నప్పుడు రెండు దారులు ఉండాలి.

పాత_డీబీఏ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

మంగళగిరి గారూ, ఆ రెండు దారుల సంగతి ఒప్పుకుంటాను.

కొత్తపేట తమ్ముడూ, నిన్ను ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఆ 10 జీబీలో ఏముంది? ఏ టేబుల్ ఎంత?

కొత్తపేట_కోడర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:40

ఇప్పుడే ఒక షాపుది చూశాను సార్. మొత్తం 8.7 జీబీ. అందులో బిల్లులు, బ్యాచులు, స్టాకు కలిపి 3 జీబీ లోపే. 4.9 జీబీ ఈ-ఇన్‌వాయిస్ (జీఎస్టీ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) టేబుల్! 2023 ఆగస్టు నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటిన వాళ్లందరికీ అది తప్పనిసరి అయింది కదా. ప్రతి బిల్లుకీ మనం పంపిన జేసన్ (బిల్లు వివరాల పాఠం), పోర్టల్ వాళ్లు సంతకం చేసి పంపిన జవాబు, క్యూఆర్ కోడ్ పాఠం, మూడూ దాస్తున్నాను. ఆడిట్‌లో అడిగితే చూపించాలని.

పాత_డీబీఏ | ఆదివారం, మధ్యాహ్నం 3:05

కాలమ్ ఎన్‌వార్‌చార్ మ్యాక్స్ అని పెట్టావు, అవునా? అందులో ఒక్కో అక్షరానికి రెండు బైట్లు. నువ్వు దాచేదంతా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలే. సగం చోటు అక్కడే పోయింది. అసలైన జేసన్ టైపు 2025తో వచ్చింది, నిజమే, అది ఆలస్యమే. కానీ కంప్రెస్ అనే ఫంక్షన్ 2016లోనే ఉంది, ఎక్స్‌ప్రెస్‌లో కూడా. జిప్ చేసి దాచుకుని, కావలసినప్పుడు విప్పుకోవచ్చు. టేబుళ్లకి పేజ్ కంప్రెషన్ కూడా 2016 ఎస్‌పీ1 నుంచి ఎక్స్‌ప్రెస్‌కి ఇచ్చారు. ఇలా పేజీ బయట పెట్టే పెద్ద పాఠాలకి మాత్రం అది పనిచేయదు, అందుకే వాటికి కంప్రెస్ వాడు.

నీ కోపం తప్పని నేను అనను. 15 ఏళ్లు చాలా ఎక్కువ. కానీ వచ్చినవి కూడా మనకి చేరట్లేదు. తొమ్మిదేళ్లుగా నీ చేతిలో ఉన్న వస్తువు నీకు ఎవరూ చెప్పలేదు. రిలీజ్ నోట్స్ ఇంగ్లీషులో, ఐటీ కంపెనీల డీబీఏల (డేటాబేస్ చూసుకునే వాళ్ల) కోసం రాస్తారు. గుంటూరులో ఒంటరిగా పదిహేను షాపులు చూసుకునే వాడికి అది ఎలా తెలుస్తుంది? నాకు అసలు కోపం అక్కడ.

కొత్తపేట_కోడర్ | ఆదివారం, మధ్యాహ్నం 3:20

సార్, నిజంగా తెలియదు. ఈ రాత్రికే ఒక కాపీ మీద చేసి చూస్తాను.

పేట_అకౌంట్స్ | ఆదివారం, సాయంత్రం 5:50

నేను ప్రోగ్రామర్‌ని కాదు. చిలకలూరిపేటలో ఒక మందుల ఏజెన్సీలో లెక్కలు రాస్తాను. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. వాడేవాళ్ల మాట కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లు (పేరు అక్కర్లేదు) ఆ సైజు నిండకుండా ప్రతి ఏప్రిల్ 1న కొత్త డేటాబేస్ తెరుస్తారు. పాత ఏడాది వేరు, కొత్త ఏడాది వేరు. మందుల వ్యాపారంలో ఎక్స్‌పైరీ రిటర్న్ ఉంటుంది కదా. రిటైల్ షాపు వాళ్లు గడువు తీరిన సరుకు సంచిలో వేసుకొచ్చి బల్ల మీద కుమ్మరిస్తారు. ఒక్కో స్ట్రిప్పు తిప్పి బ్యాచ్ నంబర్ చదవాలి. ఆ బ్యాచ్ మనం అమ్మిందేనా, ఏ రేటుకి అమ్మాం, ఏ బిల్లు? అది పోయిన ఏడు అమ్మింది కావచ్చు, అంతకు ముందు ఏడు కావచ్చు. నేను ఈ ఏడు డేటాబేస్‌లోంచి బయటికొచ్చి, పాస్‌వర్డ్ కొట్టి, పోయిన ఏడు డేటాబేస్‌లోకి వెళ్లి వెతికి, లేకపోతే దానికి ముందు ఏడు. దొరికిన రేటు చీటీ మీద రాసుకుని మళ్లీ ఈ ఏడులోకి రావాలి. నా బల్ల మీద ఎప్పుడూ ఆ చీటీలు ఉంటాయి. ఒక సంచికి నలభై రకాలుంటే ఒక పూట పోతుంది. సెప్టెంబర్‌లో పన్ను మారాక పాత అమ్మకం 12, కొత్త అమ్మకం 5. అది కూడా చీటీ మీదే.

తమ్ముడూ, మీరంతా 10 జీబీ, 50 జీబీ అంటున్నారు. నాకు అది ఈ చీటీలు. ఆరేళ్ల కిందటే ఎవరైనా ఆ అంకె పెంచి ఉంటే నా కళ్లు ఇంత పోయేవి కావు.

డల్లాస్_నైట్‌షిఫ్ట్ | ఆదివారం, సాయంత్రం 6:30

అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా మీటింగుల్లో "యూజర్ ఇంపాక్ట్: తక్కువ" అని రాసి పక్కన పెట్టేస్తుంటాం. ఆ మాట ఇకముందు అంత తేలిగ్గా రాయలేను.

పల్నాడు_పేర్లు | ఆదివారం, రాత్రి 8:05

చిన్న మాట. ఎవరైనా కస్టమర్ పేర్లు తెలుగులో దాస్తుంటే, ఎన్‌వార్‌చార్ ఉంచండి. 2019 వెర్షన్ నుంచి అక్షరాలని దాచే ఇంకో పద్ధతి, యూటీఎఫ్-8, వచ్చింది కదా, చోటు కలిసొస్తుందని మార్చారు ఒకచోట. ఇంగ్లీషుకి కలిసొస్తుంది. తెలుగు అక్షరానికి ఎన్‌వార్‌చార్ వాడే యూటీఎఫ్-16లో రెండు బైట్లు, యూటీఎఫ్-8లో మూడు. మనకి పెరుగుతుంది. పాఠం ముందు ఎన్ అనే గుర్తు పెట్టడం మర్చిపోతే పేరు మొత్తం ప్రశ్నార్థకాలై కూర్చుంటుంది, అది మళ్లీ తిరిగి రాదు. ఒక సహకార సంఘంలో రెండు వందల రైతుల పేర్లు అలా పోతే మళ్లీ పాస్‌బుక్కులు చూసి కొట్టాం.

సంక్రాంతి_ఎలిఫెంట్ | ఆదివారం, రాత్రి 9:00

కోడర్ గారూ, మీ షాపులు ఏ వెర్షన్ మీద ఉన్నాయి? 2016 అయితే దాని సపోర్ట్ 2026 జూలై 14న అయిపోతుంది. ఎలాగూ కదలాలి.

కొత్తపేట_కోడర్ | సోమవారం, ఉదయం 6:20

పదకొండు షాపులు 2016, నాలుగు 2019. జూలై సంగతి తెలుసు, అదో టెన్షన్.

రాత్రి కూర్చుని చేశాను. ఈ-ఇన్‌వాయిస్ టేబుల్ కంప్రెస్ చేస్తే 4.9 జీబీ కాస్తా 1.3 అయింది. మూడు సార్లు సరిచూశాను. విప్పితే అక్షరం తేడా లేదు. పాత_డీబీఏ సార్, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు.

తర్వాత ఇంకో పని మొదలుపెట్టాను. నా షాపుల్లో కూడా మూడింటికి ఏడాదికో డేటాబేస్ ఉంది, అక్క చెప్పినట్టే. ఇన్నాళ్లూ అది మామూలే అనుకున్నాను. అందులో ఒకదాని ఐదేళ్ల డేటాబేసులు తెచ్చి, నా మెషీన్లో 2025 ఎక్స్‌ప్రెస్ వేసి, ఒకటిగా కలపడం మొదలుపెట్టాను. బిల్లు నంబర్లు ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి ముందు సంవత్సరం చేర్చాలి. కస్టమర్ కోడ్లు రెండేళ్ల మధ్య మారాయి. ఓపెనింగ్ స్టాకు ప్రతి ఏప్రిల్‌లో మళ్లీ ఎక్కించింది ఉంది, అది తీసేయకపోతే సరుకు రెండింతలు కనబడుతుంది. ఇంకా రెండేళ్లవి మిగిలాయి.

పాత_డీబీఏ | సోమవారం, ఉదయం 7:45

శభాష్. మూడు జాగ్రత్తలు. 2025లోకి ఎక్కించిన డేటాబేస్ బ్యాకప్ మళ్లీ 2016లోకి దిగదు. పాత ఫైళ్లు కనీసం ఒక ఏడాది అలాగే ఉంచు. కంపాటిబిలిటీ లెవెల్ మొదట 130 దగ్గరే (2016 లాగా నడిచేలా) ఉంచు, నా నెలాఖరు కథ గుర్తుంది కదా. సైజు 50 అయినా ఎక్స్‌ప్రెస్ వాడుకునే బఫర్ మెమరీ ఇంకా 1,410 ఎంబీయే. ఐదేళ్ల డేటా మీద వెతకాలంటే బ్యాచ్ నంబర్ మీద ఇండెక్స్ తప్పకుండా పెట్టు, లేకపోతే అక్క చీటీలు పోయి ఎదురుచూపు మిగులుతుంది.

ఇంకో మాట. ప్రొడక్షన్‌లో 2025 ఇప్పుడే వేయొద్దు. ఒకటి రెండు సీయూలు రానీ.

కొత్తపేట_కోడర్ | సోమవారం, ఉదయం 8:10

ఫిబ్రవరి చివరి దాకా నా మెషీన్లోనే నడుపుతాను సార్. మార్చిలో ఒక్క షాపులో పెడతాను.

పేట_అకౌంట్స్ | సోమవారం, ఉదయం 9:35

తమ్ముడూ, మా సాఫ్ట్‌వేర్ మీది కాదని తెలుసు. కానీ మా వాళ్లకి చూపించడానికి, పాత బ్యాచ్ ఒకటి కొడితే ఐదేళ్లవీ ఒకే చోట వచ్చే ఆ స్క్రీన్ ఫొటో పెట్టగలవా? రేటు పక్కన అప్పటి పన్ను శాతం కూడా కనబడేలా. ఏప్రిల్ 1 లోపు మా సార్‌కి చూపించి అడుగుతాను.

కొత్తపేట_కోడర్ | సోమవారం, ఉదయం 9:50

పెడతాను అక్కా. పన్ను శాతం కాలమ్ ఇప్పుడు లేదు, ఈ రాత్రికి చేరుస్తాను.